ఎనభైరెండు పన్నాలొచ్చు, పదో తరగతి కాయితం లేదు

మా ఇజీనారం డిగ్రీ కాలేజీలో అడ్మిషన్ల పని చూస్తుంటాను. ఏటా ఒకళ్లో ఇద్దరో వేద పాఠశాల నుంచి వస్తారు. కృష్ణయజుర్వేదం మొత్తం నోటికొచ్చు: సంహిత 44, బ్రాహ్మణం 28, ఆరణ్యకం 10, వెరసి 82 పన్నాలు. స్వరం తప్పరు. ఇంటర్ మెమో ఏదీ అంటే నేలచూపులు. అసలు పదో తరగతే రాయలేదు మరి!

చిన్నప్పుడే పాఠశాలలో వేసిన పెద్దలకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పౌరోహిత్యం చేసుకుంటాడులే అనుకున్నారు. చేసుకుంటే మంచిదే. పద్దెనిమిదేళ్లకి వాడికి ఇంకోటి చదవాలనిపిస్తే ఏటి దారి?

ఓపెన్ స్కూలుంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి రాయొచ్చు, పాఠశాల మానక్కర్లేదు. జాతీయ ఓపెన్ స్కూల్లో అయితే వేదాధ్యయనం, సంస్కృత వ్యాకరణం కూడా సబ్జెక్టులే. ఇక్కడే జాగర్త. సులువుగా గట్టెక్కీవచ్చని అన్నీ అలాంటివే తీసుకుంటే, రేపు ఎంపీసీ అన్నా, లెక్కలు అడిగే ఇంకే కోర్సు అన్నా ఇబ్బందే. లెక్కలూ ఇంగ్లీషూ కష్టమైనా పెట్టించండి.

ఉజ్జయిని సాందీపని ప్రతిష్ఠాన్ బోర్డు ఇచ్చే వేదభూషణ్ పదికీ, వేదవిభూషణ్ ఇంటర్‌కీ సమానమని భారత విశ్వవిద్యాలయాల సంఘం ఒప్పుకుంది. అది ఆ బోర్డు పరీక్షలు రాసినోళ్లకే. సభలో ఇచ్చిన పట్టా, కప్పిన శాలువా కాలేజీలో పనికిరావు. సంస్కృతంలోనే ముందుకెళ్దామంటే తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ప్రాక్‌శాస్త్రి ఇంటర్‌తో సమానం, శాస్త్రి బీయేతో సమానం. దానిక్కూడా పది పాసవ్వాలి.

మన ఊళ్లో మహారాజా సంస్కృత కళాశాల 1860 నాటిది. ఎమ్మార్ కాలేజీ 1879లో కాలేజీ అయింది. రెండు చదువులూ అప్పట్నుంచీ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవడమే ఇప్పటికీ ఇంత కష్టం!

కాయితం దొరికినా ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ పిల్లలు చదివిందంతా సంత. గురువు చెప్తే పలికి, వల్లె వేసి, చెవితోనే నేర్చుకున్నారు. మూడు గంటలు కూర్చుని సొంత మాటల్లో జవాబు రాయడం ఎప్పుడూ లేదు. జ్ఞాపకశక్తి అమోఘం, కాయితం మీద చెయ్యి కదలదు. మొదటి ఏడాది అలగే ఫెయిలయ్యి ఎల్లిపోయినోళ్లని చూశాను. తెలివి లేక కాదు. రోజుకో పేజీ తెలుగులో ఏదోటి రాయించండి, నిన్న ఏటి చేశాడో రాసినా చాలు. కాలేజీలో చేరడానికి ఏడాది ముందే మొదలెట్టాలి.

పిలక గురించి అడుగుతారు కొందరు, తీసీయాలా అని. అక్కర్లేదు, ఏ ఫారంలోనూ ఆ గడి లేదు.

మీ గుంటడు పన్నెండు, పదమూడేళ్లవాడైతే ఈ సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆధార్‌లోనూ పుట్టిన తేదీ పత్రంలోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఓపెన్ స్కూలు గురించి గురువుగారితో కూడా మాటాడండి, చాలామంది కాదనరు.