రేపటికోసం ఓ ఇష్టమైన ఎదురుచూపు

'ఎదురుచూడటానికి ఏముందండీ? తెల్లారితే అదే పొయ్యి, అదే బస్సు, అదే ఆఫీసు...' అని నిట్టూర్చని ఆడవాళ్లు అరుదు. కానీ కాస్త ఆలోచిస్తే, మనం రోజూ ఏదో ఒకదాని కోసం ఎదురుచూస్తూనే ఉంటాం. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు గడువు, పై అధికారి చీవాట్లు... ఇవన్నీ దిగులుతో కూడిన ఎదురుచూపులు. మరి ఇష్టంగా ఎదురుచూసేది ఒక్కటైనా ఉందా? ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియాలంటే ఒకసారి బాపట్ల-చీరాల దారిలో ఉన్న స్టూవర్టుపురం వైపు చూడాలి.

రాత్రయితే హాజరు

ఆ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది దొంగతనాలు, సినిమాలే. అసలు కథ వేరు. ఎరుకల కుటుంబాలు ఒకప్పుడు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవి. రైళ్లు రావడంతో ఆ వ్యాపారం దెబ్బతింది. దొరతనం వారు 1871లో 'నేరస్థ జాతుల' చట్టం తెచ్చారు. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలిసిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు.

అక్కడివాళ్లు వేళకి హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. నేరం చేసినా చేయకపోయినా, పుట్టిన కులాన్ని బట్టే అనుమానం. అలాంటి ఇంట్లో తల్లి రేపటి గురించి ఏమని కలగంటుంది? తలుపు చప్పుడైతే గుండె దడ. ఆమెకు తెలిసిన ఎదురుచూపు అదే. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి మీద పడ్డ ముద్ర మాత్రం అంత తొందరగా పోలేదు.

తలుపు తీసిన చేయి

1970ల్లో ఆ ఊరి గడప తొక్కిన మహిళ హేమలతా లవణం. మహాకవి జాషువా కుమార్తె. భర్త లవణంతో కలిసి 'సంస్కార్' సంస్థ ద్వారా ఆ కుటుంబాల సంస్కరణ, పునరావాసం కోసం పనిచేశారు. 'మారండి' అని చెప్పడం తేలిక. మారితే ఏం దొరుకుతుందో చూపించడమే కష్టం. ఆ ఊరివాళ్లకి ఆశ లేక కాదు, ఆశపడటానికి దారి లేక. పని, చదువు, పరువు కళ్లెదుట కనిపిస్తేనే కదా ఎవరికైనా రేపటి మీద మమకారం పుట్టేది!

ఇదే ఊరి అబ్బాయి రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్‌జింగ్ యువ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ రజతం తెచ్చాడు. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 151, 187 కలిపి మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. ఆ ఆటలో బరువు ఒక్కసారిగా పెరగదు. ఇవాళ కొంత, వచ్చే నెల మరికొంత. ముందు ఒక పోటీ ఉందని తెలిస్తేనే ఈరోజు సాధనకు అర్థం.

ముందే దొరికే ఆనందం

ఎదురుచూపులోనే సగం సంతోషం ఉందని పరిశోధకులూ చెప్పారు. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, విహారయాత్రకు వెళ్లబోయేవాళ్లు ప్రయాణానికి ముందే మిగతావారికంటే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక చాలామందిలో ఆ తేడా కనిపించలేదు. మనకిది కొత్త సంగతా? పండక్కి పుట్టింటికి వెళ్లే ముందు పెట్టె సర్దుకునే ఆ వారం రోజుల హుషారు గుర్తు తెచ్చుకోండి!

మరి మనమేం చేయాలి?

* తేదీ పెట్టుకోండి. 'ఎప్పుడైనా' అనుకున్నది ఎప్పటికీ రాదు. అక్కచెల్లెళ్లు కలుసుకునే ఆదివారమైనా సరే, క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి.

* దానికోసం చేతులతో ఏదైనా చేయండి. కుట్టు నేర్చుకోవాలంటే రోజుకో అరగంట. సూర్యలంక బీచ్‌కి వెళ్లాలంటే డబ్బాలో వారానికి కొంత. పని తోడు లేని ఎదురుచూపు పగటికలే.

* చిన్నవీ ఉండాలి. పిల్ల పెళ్లయ్యాక, ఇల్లు కట్టాక సుఖపడదాం అని ఈ రోజును తాకట్టు పెట్టకండి. సాయంత్రం డాబా మీద కప్పు కాఫీ కూడా ఎదురుచూడదగ్గదే.

* ఆఫీసులో మీ కింద పనిచేసేవాళ్లకి తప్పులే కాదు, తర్వాతి మెట్టు ఏమిటో కూడా చెప్పండి. చేసే పని ఎక్కడికి తీసుకెళ్తుందో తెలిస్తే అలసట తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఇంకొకరికి ఎదురుచూడటానికి ఏదైనా ఇవ్వండి. 'వేసవి సెలవుల్లో మీ అమ్మాయికి లెక్కలు చెప్తాను' అని పనమ్మాయితో ఒక్కమాట అనండి, అన్నమాట నిలబెట్టుకోండి. రాత్రి హాజరు కోసం బిక్కుబిక్కుమన్న ఊరే ఒకనాడు పతకం కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని చూసింది. రేపు ఎవరికీ ఊరికే రాదు. ఎవరో ఒకరు తలుపు తీయాలి. ఈసారి ఆ చేయి మీదే ఎందుకు కాకూడదు?