లేని కరెంటును అమ్మొద్దు!

శని, ఆదివారాలు వస్తే వికారాబాద్ దారి పట్టే కార్లను మీరూ చూసే ఉంటారు. అనంతగిరి కొండలు, కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్, రాత్రికి గుడారం, పొద్దున్నే మంచులో ఒక సెల్ఫీ... రీల్ పెట్టేస్తే ట్రిప్ అయిపోయినట్టే! కానీ ఆ గుడారం వెనక ఎంత ఇంజినీరింగ్ ఉంటుందో, అందులో మీ రెజ్యుమెకు పనికొచ్చే పాఠం ఏముందో ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు. ఒక రాత్రి చీకట్లో నిలబడి ఇరవై మందితో మాటలు పడ్డాకే తెలిసింది.

ఆఫర్ ఉంది... తేదీ లేదు

మాది తాండూరు. నాన్న నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తారు. 2020లో బీటెక్ పూర్తయింది. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ అయితే వచ్చింది, జాయినింగ్ తేదీ మాత్రం రాలేదు. ఏడాది దాటినా అదే తీరు. రోజుకు పదిసార్లు మెయిల్ చూసుకోవడం, ‘ఇంకా ఇంట్లోనేనా?’ అనే చుట్టాల కంట పడకుండా తిరగడం... మీలో కొందరికి ఈ పరిస్థితి కొత్తేం కాదు.

2021 చలికాలంలో కోట్‌పల్లి దగ్గర చిన్న క్యాంపు నడిపే ఓ అన్న ఫోన్ చేశాడు. ‘తమ్మీ, నీకు కంప్యూటర్ పనొస్తది గదా! మాకు బుకింగ్ పేజీ చేసిస్తవా? పైసలు జర తక్కువనే ఇస్త. తిండి, గుడారం నా లెక్క’ అన్నాడు. ఇంట్లో కూర్చునే కంటే నయం అనుకుని బ్యాగు సర్దేశా.

క్యాంపులో పన్నెండు గుడారాలు. ఒక్కో దాంట్లో ఇద్దరు. సిమెంటు కట్టడం దాదాపు లేదు. నడిచే దారంతా తాండూరు బండల ముక్కలే. మా నాన్న పనిచేసేలాంటి యూనిట్లలో అంచులు విరిగాయని పక్కకు నెట్టేసే ముక్కలన్నమాట. సోలార్ దీపాలు, కట్టెల పొయ్యి మీద కాచిన బకెట్ వేడినీళ్లు, జంట గుంతల మరుగుదొడ్లు. జొన్నరొట్టె, కందిపప్పు మోదుగాకు విస్తరిలో వడ్డించేవాళ్లు. ఆ మరుసటి ఏడాదే, 2022లో మా తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నా కీబోర్డు చేసిన తప్పు

రెండు రోజుల్లో పేజీ తయారు. ఫొటోలు అదిరాయి. ‘ఇంతేనా?’ అన్నట్టు ఉంటుందేమోనని నా సొంతంగా నాలుగు ముక్కలు జోడించా: ‘24 గంటల కరెంటు, వేడినీళ్లు, అన్ని ఆధునిక సౌకర్యాలు’. క్యాంపు అన్నను అడగలేదు. పెద్ద పెద్ద రిసార్టుల పేజీలన్నీ అలాగే ఉంటాయి కదా అనుకున్నా.

శనివారం క్యాంపు నిండిపోయింది. సాయంత్రం ఏడున్నరకు ఒక గుడారంలో ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టారు. లైట్లన్నీ ఆరిపోయాయి. ఇన్వర్టర్‌ను మళ్లీ ఆన్ చేశాం. ఇంకో గుడారంలో ఇంకో కెటిల్! మూడోసారికి ఇన్వర్టర్ పూర్తిగా మొరాయించింది. పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దలు ఫోన్లలో నా పేజీ తెరిచి చూపిస్తున్నారు. డబ్బు వెనక్కి ఇమ్మన్నవాళ్లకు అన్న మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు. అందరూ పడుకున్నాక నా దగ్గరికొచ్చి ఒక్కటే మాటన్నాడు: ‘లేని కరెంటును అమ్మినవ్ గదా తమ్మీ!’

తిట్టినా బాగుండేది అనిపించింది.

చిన్న లెక్కే... ముందు వేయలేదు

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం తీసుకున్నా. మీరూ వేసి చూడండి.

క్యాంపు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. అంటే 1,800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవడం మంచిది. అంటే చేతిలో ఉన్నది సుమారు 900. ఇప్పుడు ఖర్చు చూద్దాం. పన్నెండు గుడారాల్లో 5 వాట్ల బల్బులు 5 గంటలు వెలిగితే 300. ఇరవై నాలుగు ఫోన్లు, ఒక్కో దానికి 15 చొప్పున 360. మొత్తం 660. హాయిగా సరిపోతుంది.

కెటిల్ 1,500 వాట్లు లాగుతుంది. మా ఇన్వర్టర్ సామర్థ్యం 850 వీఏ. అది ట్రిప్ కాక ఏం చేస్తుంది! పోనీ పెద్ద ఇన్వర్టర్ కొందామా? ఒక్క కెటిల్ పావుగంట నడిస్తే 375 వాట్ అవర్లు. 660కి అది కలిపితే 1,035. బ్యాటరీ హద్దు దాటిపోయినట్టే. నాలుగేళ్లు చదువుకున్న నేను చేయాల్సిన లెక్క ఇది. పదో తరగతి ఫిజిక్స్‌తో అయిపోయేది.

నీళ్లదీ ఇదే కథ. మన పట్టణాల్లో నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క కడతారు. ఇరవై నాలుగు మందికి 3,240 లీటర్లు. క్యాంపులో ఉన్నదేమో 2,000 లీటర్ల ట్యాంకు. స్నానానికి 20 లీటర్ల బకెట్ పెట్టి, మొత్తం వాడకాన్ని మనిషికి 60 లీటర్లలో ఉంచితే 1,440తో రోజు గడుస్తుంది. బకెట్ ఉన్నది షవర్ కొనే స్తోమత లేక కాదు, లెక్క ప్రకారం పెట్టింది.

ఈ లెక్క తప్పితే నష్టం క్యాంపు ఒక్కదానికే కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేట మీదుగా హైదరాబాద్‌కు వెళ్తుంది. కోట్‌పల్లి వైపు నీళ్లు మా తాండూరు పక్కన పారే కాగ్నాలో కలుస్తాయి. కొండ మీద మనం వదిలే మురుగు, పారేసే ప్లాస్టిక్ చివరికి మన ఊళ్లకే దిగుతాయి.

మలావీ సరస్సు చెప్పిన దారి

పేజీ తిరగరాయాలి. ఎలా? ప్రపంచంలో ఇలాంటి క్యాంపులు తమ గురించి ఏం చెప్పుకుంటాయో వెతికా. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో ముంబో అనే చిన్న దీవి కనిపించింది. కేప్ మెక్లియర్ తీరం నుంచి సుమారు 10 కిలోమీటర్లు. పడవలోనో కయాక్‌లోనో వెళ్లాలి. ఆ దీవి ఉన్న లేక్ మలావీ నేషనల్ పార్కును యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రంగురంగుల సిక్లిడ్ చేపలకు ఆ సరస్సు ప్రసిద్ధి.

అక్కడా గుడారాలే. బకెట్ నీళ్లతో నడిచే షవర్, నీళ్లు పోయక్కర్లేని కంపోస్ట్ మరుగుదొడ్డి. ఒకేసారి కొద్దిమందికే చోటు. వాటిని ఎవరూ లోపాల్లా దాచుకోవడం లేదు. ఎక్కడెక్కడి నుంచో జనం వెతుక్కుంటూ వచ్చేదే ఆ నిరాడంబరత కోసం. మన క్యాంపులోనూ అదే సరుకు ఉంది. నేనే దాన్ని దాచి, లేనిదాన్ని బోర్డు మీద రాశా.

కొత్త పేజీలో మొదటి వరుసలే ఇవి: ‘ఇక్కడ కెటిల్, హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె పనిచేయవు. దీపాలు రాత్రి 11 దాకా. మనిషికి ఒక బకెట్ వేడినీళ్లు. ఎందుకంటే...’ అంటూ పై లెక్క మొత్తం పెట్టేశా. తర్వాతి రెండు వారాలు బుకింగ్‌లు తగ్గాయి. అన్న మొహం చూడలేకపోయా. కానీ వచ్చినవాళ్లలో ఎవరూ కెటిల్ తేలేదు. ఒకాయన పిల్లాణ్ని ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్లి మరీ లెక్క చూపించాడు. మెల్లగా అలాంటివాళ్లే ఎక్కువయ్యారు.

మీ రెజ్యుమెలో కెటిల్ ఉందా?

ఇప్పుడు మీ సంగతికొద్దాం. రెండు ట్యుటోరియల్స్ చూసి ‘పైథాన్‌లో నిపుణత’ అని రాశారా? నలుగురి గ్రూప్ ప్రాజెక్టును ‘నేనే చేశా’ అన్నారా? అదీ లేని కరెంటును అమ్మడమే. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది.

నా పాత ఆఫర్ చివరికి రానే లేదు. 2022లో వేరే కంపెనీ ఇంటర్వ్యూలో ‘మీరు చెడగొట్టిన పని ఒకటి చెప్పండి’ అన్నారు. కోట్‌పల్లి రాత్రి చెప్పా. తెల్లకాగితం మీద ఆ లెక్కే వేసి చూపించా. ఆ ఒక్క జవాబుతోనే ఉద్యోగం వచ్చిందని చెప్పను, కోడింగ్ రౌండ్లూ గట్టెక్కాలి కదా. కానీ ఆ పావుగంట మాత్రం నా గొంతు వణకలేదు. ఎందుకంటే చెప్పిన ప్రతి అంకె వెనకా నేను నిలబడి ఉన్నా.

ఈ రంగం మీద ఆసక్తి ఉందా?

ఎకో టూరిజం అంటే గైడ్ పని ఒక్కటే కాదు. సోలార్, నీటి నిర్వహణ, జలక్రీడల భద్రత, వంట, బుకింగ్ వ్యవస్థలు... అన్నింటికీ మనుషులు కావాలి. ఎటు వెళ్లొచ్చో చూడండి.

• హాస్పిటాలిటీ, టూరిజం కోర్సులకు హైదరాబాద్ గచ్చిబౌలిలోని నిథమ్, నెల్లూరులోని ఐఐటీటీఎం క్యాంపస్.

• జలక్రీడలు, లైఫ్‌గార్డ్ శిక్షణకు గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్.

• ఐటీఐ, డిప్లొమా ఎలక్ట్రికల్ వాళ్లకు సోలార్ పనుల్లో సూర్యమిత్ర శిక్షణ.

• పర్యావరణ నైపుణ్యాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2017లో మొదలుపెట్టిన గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్.

ఫీజు కట్టే ముందు అర్హతలు, తేదీలు ఆయా సంస్థల అధికారిక వెబ్‌సైట్లలోనే సరిచూసుకోండి.

క్యాంపుకెళ్తే ఇవి అడగండి

• కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత వరకు సరిపోతుంది?

• మురుగు ఎక్కడికి పోతుంది? చెత్త ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారు?

• కయాక్ ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందా?

• పనిచేసేవాళ్లలో ఆ ఊరివాళ్లు ఎంతమంది?

జవాబులు తడబడితే అక్కడ ‘ఎకో’ అన్నది బోర్డు మీదే ఉన్నట్టు. తిరిగొచ్చాక ఇవే ప్రశ్నలు మీ రెజ్యుమెను కూడా అడగండి. జవాబు లేని వరుస కనిపిస్తే, ఇంటర్వ్యూ దాకా ఆగకుండా ఈ రాత్రే తీసేయండి.