స్కూలు కడుతున్నారు, టీచర్లు మారుతున్నారు, క్లాసులు కలుపుతున్నారు - కంగారు పడాలా?

ఇంగ్లండులో ప్రైమరీ స్కూలు పిల్లలున్న మనవాళ్ళ ఇళ్ళల్లో వేసవి సెలవుల ముందు ఒక చర్చ తప్పకుండా నడుస్తుంది: వచ్చే ఏడు పిల్లాడికి టీచరెవరు, ఏ క్లాసులో వేశారు అని. ఈసారి మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చిన ఉత్తరంలో మూడు కబుర్లు ఒకేసారి ఉన్నాయి. పాత భవనం తీసేసి కొత్తది కడతారట. ఇద్దరు టీచర్లు మానేస్తున్నారట. సెప్టెంబరు నుంచి ఇయర్ 1, ఇయర్ 2 పిల్లల్ని కొంతమందిని కలిపి ఒక క్లాసు పెడతారట. సాయంత్రానికల్లా మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "స్కూలు మార్చేద్దామా?" అన్న మాట మొదలయింది.

ఆ కంగారు నాకు అర్థమయింది. తరగతులు కలిపారనగానే మనకి గుర్తొచ్చేది ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటే గది, ఒకరే మాస్టారు, అయిదు తరగతులు. మాస్టారు ఎన్నికల డ్యూటీకి వెళితే ఆ రోజు బడే లేదు. అది దాటుకుని ఇంత దూరం వచ్చాక మళ్ళీ అదేనా అనిపించడం సహజమే. కానీ ఇక్కడ కలపడానికి కారణం వేరు, నడిపే పద్ధతి వేరు. హెడ్ టీచర్ని అడిగి, ప్రభుత్వ నిబంధనలు చదివి నేను తెలుసుకున్నవి మీ ముందు పెడుతున్నాను. ఇవన్నీ ఇంగ్లండు సంగతులు. స్కాట్లండు, వేల్స్ పద్ధతులు కొంత వేరుగా ఉంటాయి.

ఎందుకు కలుపుతారు?

ఇది చాలావరకు కూడికలు, భాగహారాల వ్యవహారం. 1998 నాటి చట్టం వల్ల, కొన్ని మినహాయింపులు తప్ప, రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసుల్లో ఒక టీచరుకి 30 మందికి మించి పిల్లలు ఉండకూడదు. మా స్కూల్లో ఇదివరకు ఏడాదికి 60 మంది ఉండేవారు, సరిగ్గా రెండు క్లాసులు. ఇప్పుడు 45 మందే ఉన్నారు. వాళ్ళని రెండు క్లాసులు చేస్తే ఒక్కోదాంట్లో 22, 23 మంది. పిల్లల తలల లెక్కన వచ్చే డబ్బు ఇద్దరు టీచర్ల జీతానికి చాలదు. అదే రెండేళ్ళ పిల్లల్ని కలిపితే 90 మంది, 30 చొప్పున మూడు క్లాసులు. ఒకటి ఇయర్ 1, ఒకటి ఇయర్ 2, మూడోది రెండూ కలిసినది.

పిల్లలు తగ్గింది మా ఒక్క స్కూల్లోనే కాదు. ఇంగ్లండు, వేల్స్‌లలో కలిపి 2012లో 7,29,674 మంది పుడితే, 2023లో పుట్టింది 5,91,072 మందే. స్కూలుకి వచ్చే డబ్బు చాలావరకు అక్టోబరులో తీసే పిల్లల లెక్క మీద ఆధారపడుతుంది. పిల్లలు తగ్గితే ఆదాయం తగ్గుతుంది, కరెంటు బిల్లు మాత్రం తగ్గదు.

ఇంకొక మెలిక ఉంది. ఇయర్ 2, ఇయర్ 3 కలిపిన క్లాసుకి 30 మంది పరిమితి వర్తిస్తుందా లేదా అన్నది ఆ క్లాసులో ఎక్కువమంది ఏ వయసువాళ్ళు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇయర్ 3 నుంచి పైకి అలాంటి చట్టపరమైన పరిమితే లేదు. మీ పిల్లలు ఆ వయసుకి వస్తుంటే, క్లాసులో ఎంతమంది ఉంటారని ముందే అడగండి.

చదువు సంగతి

సైన్సు, చరిత్ర, భూగోళం పాఠాలని రెండేళ్ళ చక్రంగా వేసుకుంటారు. ఈ ఏడు ఒక సగం, వచ్చే ఏడు రెండో సగం. జాతీయ పాఠ్యప్రణాళిక కూడా ఏ దశలో చెప్పాల్సిన పాఠం ఆ దశ పూర్తయ్యేలోగా చెబితే చాలంటుంది. లెక్కలు, చదవడం మాత్రం అలా కుదరదు, వాటిని మెట్టుమెట్టుగానే నేర్పాలి. పైగా ఇయర్ 1 పిల్లలకి జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది. అందుకని ఆ రెండూ ఏ ఏడు పిల్లలకి ఆ ఏడు విడిగా చెబుతారా, అప్పుడు రెండో మనిషి క్లాసులో ఉంటారా అన్నది అసలు ప్రశ్న.

ఇంకొకటి, పిల్లల్ని ఏ లెక్కన ఎంచారో అడగండి. పుట్టిన నెలని బట్టి ఎంచే స్కూళ్ళున్నాయి, స్నేహాలూ చదువూ చూసి ఎంచేవీ ఉన్నాయి. "వెనకబడ్డ వాళ్ళనే కింది క్లాసుతో కలిపారు" అన్న పుకారు అడగకపోవడం వల్లే పుడుతుంది.

ఇలాంటి క్లాసుల మీద అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలని వీన్‌మన్ అనే పరిశోధకుడు 1995లో పోల్చి చూశాడు. చదువులో ఈ పిల్లలు మామూలు క్లాసుల వాళ్ళకంటే వెనకబడలేదు, ముందుకీ పోలేదు అని తేల్చాడు. మన మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ సంగతి కూడా చెప్పుకోవాలి. చుట్టుపక్కల పల్లెల కోసం వాళ్ళు నడిపిన చిన్న బడుల్లో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, కార్డుల సాయంతో ఎవరి మెట్టు మీద వాళ్ళు చదువుకునే పద్ధతి తయారయింది. కర్ణాటకలో నలి-కలి దాన్నుంచే వచ్చింది. తమిళనాడు కూడా ఆ దారి పట్టింది. మనం దేన్ని చూసి భయపడుతున్నామో, దాన్ని బాగా చేసి చూపించినవాళ్ళు మన సీమలోనే ఉన్నారన్నమాట.

టీచర్ల మార్పు

ఇక్కడ టీచర్లు ఆగస్టు ఆఖరుకి మానెయ్యాలంటే సాధారణంగా మే 31 లోగా రాజీనామా ఇవ్వాలి. అందుకే ఈ కబుర్లన్నీ వేసవిలోనే వస్తాయి. ఇద్దరు వెళ్ళడం పెద్ద విశేషం కాదు, సగం మంది వెళితే అనుమానించాలి. కొత్తగా వచ్చేవాళ్ళు అప్పుడే చదువు ముగించినవాళ్ళయితే, 2021 సెప్టెంబరు నుంచి వాళ్ళకి రెండేళ్ళ శిక్షణ కాలం ఉంది. పాఠాల తయారీకి అందరికీ ఇచ్చే 10 శాతం సమయం కాక, మొదటి ఏడు వాళ్ళకి మరో 10 శాతం ఇస్తారు. అంటే వారానికి దాదాపు ఒక రోజు క్లాసు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ ఇంకొకరు ఎవరు, ప్రతివారం ఒకే మనిషి వస్తారా అని నేనడిగితే, ఇంకా నిర్ణయించలేదన్నారు. సెప్టెంబరులో మళ్ళీ అడుగుతాను.

భవనం

రాక్ అనే తేలికరకం కాంక్రీటు కూలే ప్రమాదం ఉందని 2023 ఆగస్టు 31న వందకి పైగా స్కూళ్ళలో గదులు మూయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020లో ప్రకటించిన స్కూళ్ళ పునర్నిర్మాణ పథకంలో, 2024 ఫిబ్రవరి నాటికి 518 స్కూళ్ళకి చోటు దక్కింది. స్థలం ఉన్నచోట కొత్త భవనాన్ని ఆటస్థలంలో కట్టి, తర్వాత పాతది తీసేస్తుంటారు. కాబట్టి ఏడాదీ రెండేళ్ళూ పిల్లలకి ఆడుకునే చోటు తగ్గుతుంది. లారీలు పిల్లలు వచ్చేపోయే వేళల్లో తిరుగుతాయా, పాత గోడల్లోని ఆస్బెస్టాస్‌ని ఎప్పుడు తీస్తారు, వంటగది మూస్తే శాకాహారం పిల్లలకి వేడి భోజనం ఉంటుందా - ఇవి అడగాల్సినవి.

వెళ్ళిపోతే?

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. సెప్టెంబరులో మన గ్రూపులోంచి పదిమంది పిల్లలు వేరే స్కూలుకి వెళితే, అక్టోబరు లెక్కలో పదిమంది తగ్గుతారు. ఆ మేరకి మరుసటి ఏడు డబ్బు తగ్గుతుంది, ఇంకో టీచరు తగ్గొచ్చు, ఇంకో రెండు క్లాసులు కలవచ్చు. దేనికి భయపడి వెళ్ళామో దాన్ని ఉన్న పిల్లల మీదకి మనమే తెచ్చినవాళ్ళమవుతాం. వెళ్ళినవాళ్ళ సీటు కూడా కాచుకుని ఉండదు, ఇంకొకరికి ఇచ్చేస్తారు. జవాబులు సరిగ్గా రాకపోతే మార్చడం తప్పు కాదు. అడగకుండానే మార్చడం తొందరపాటు.

క్లాసులు ఎలా వెయ్యాలన్నది హెడ్ టీచరు నిర్ణయం, దానికి మన ఓటు ఉండదు. కానీ డబ్బు, భవనం, సిబ్బంది గురించి నిలదీసి అడిగే గవర్నర్లలో తల్లిదండ్రులు ఎన్నుకునే వాళ్ళుంటారు. జీతం లేదు, సాధారణంగా నాలుగేళ్ళ పదవి. కౌన్సిలు స్కూలు గవర్నరుగా ఉంటే, ఉద్యోగంలో న్యాయమైన మేరకి సెలవు అడిగే హక్కు చట్టంలో ఉంది, జీతం ఇవ్వాలని మాత్రం లేదు. మనలో బడ్జెట్లు చూసేవాళ్ళున్నారు, ప్రాజెక్టులు నడిపేవాళ్ళున్నారు, సివిల్ ఇంజనీర్లున్నారు. మా స్కూల్లో ఒక ఖాళీ ఉంది, నేను పేరిస్తున్నాను. మీ స్కూల్లో ఉందేమో ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.