పచ్చబాఱిన నలుపు

హిందూపురపు అంగడిలో పట్టుగూళ్ళు వేలమునకు వచ్చుటయు, ధర్మవరపు మగ్గములపై పట్టు చీరయగుటయు ఈ సీమవారికి పరిపాటియే. ఆ రెండూళ్ళను కలుపు రైలుదారిలో నడుమనున్న పెనుకొండ చెంత, ఎఱ్ఱమంచి వద్ద, 2019లో కార్ల కర్మాగారము ఉత్పత్తి నారంభించినది మొదలు ఉక్కు రేకునకును వర్ణసంస్కారము జరుగుచున్నది. అద్దకమునకును ఉక్కునకును చుట్టఱికమేమని యడుగువారికి అనిలీను అణువుల గొలుసైన పాలీఅనిలీను చరిత్రము వినిపింపవలెను.

1862లో లండనునందు హెన్రీ లెథెబీ యను రసాయనాచార్యుడు గంధకికామ్లమున కలిపిన అనిలీను గుండ విద్యుత్తును పంపగా, ప్లాటినపు ధనధ్రువముపై నీలిపూత యొకటి పేరుకొనెను; అది పాలీఅనిలీనే. మఱుసటియేడు జాన్ లైట్‌ఫుట్, అనిలీనును నూలుగుడ్డమీదనే ఆక్సీకరింపజేసి గాఢమైన నలుపు నద్దు విధానమునకు పేటెంటు పొందెను. ఆ నలుపు ఉతుకునకు లొంగదు. కాని ఆక్సీకరణము చాలనిచో ఆమ్లవాయువు సోకినంతనే ఆకుపచ్చకు తిరుగును. అద్దకమువారు దానిని దోషముగ నెంచి యణచుటకే పాటుపడిరి. విద్యుద్వాహకత యంతయు తాము వెలివేసిన ఆ హరితరూపమునందే యున్నదని వారెఱుగరు. అది తెలియుటకు దాదాపొక శతాబ్దము పట్టెను. ఎమరాల్డీను అనబడు పాలీఅనిలీను రూపము ఆమ్లమునుండి ప్రోటానులను గ్రహించినచో, దాని వాహకత సుమారు వెయ్యికోట్ల రెట్లు పెరుగును! ఎలక్ట్రానులను కోల్పోయిన ముదురునీలము, పొందిన లేతపసుపు. వోల్టేజిని మార్చిన కొలది రంగు మాఱుచుండును.

తుప్పుపట్టని ఉక్కును కాచునది కొన్ని నానోమీటర్ల మందమైన దాని ఆక్సైడు పొరయే. ఆమ్లమున ఆ పొరపై హైడ్రాక్సిల్ సమూహములు ధనావేశము నొందును. పాలీఅనిలీను శృంఖలయు ధనావేశయుతమే కావున రెండును వికర్షించుకొనవలసినవే. అట్లయ్యును సల్ఫేటు, ఫాస్ఫేటు వంటి ఋణ అయానులు ముందుగా ఆక్సైడుపై అధిశోషితములై, సంధిమాటలాడు పెద్దమనుషులవలె వానిని దరిజేర్చును. 1985లో డేవిడ్ డిబెరీ యను పరిశోధకుడు, పాలీఅనిలీను పూతగల ఇట్టి ఉక్కు గంధకికామ్లమునందు సైతము దీర్ఘకాలము నిష్క్రియముగ, అనగా క్షయింపక, నిలుచునని చూపెను. రంగుపూత గోడవలె నీటిని అడ్డుట యొకటి, ఇది వేఱొకటి: పాలిమరు లోహమునుండి ఎలక్ట్రానులను లాగి దాని విద్యుద్విభవమును నిష్క్రియసీమయందు నిలుపును, పొర చిట్లిన తావున ఆక్సైడు తిరిగి పుట్టును, ఆ పనిలో పాలిపోయిన పాలిమరును గాలిలోని ఆక్సిజను మరల ఆకుపచ్చ జేయును. ఈ వలయమే నాకు మిక్కిలి ముచ్చట గొలుపుచున్నది.

అయిన నిది సర్వరోగనివారిణి యని ప్రకటించు ఉత్సాహవంతుల మాట నేనొప్పను. గీటు పెద్దదై, ఉప్పునీటి క్లోరైడు చొచ్చినచో, పాలిమరు నిలువచేసికొనిన ఆవేశము త్వరలో హరించును. అపుడీ వాహకమే ఋణధ్రువముగ మాఱి, బయల్పడిన ఇనుమును మఱింత వడిగ తినివేయు ప్రమాదము కలదు. అందువలన పెక్కు ప్రయోగములందు దీనిని ఏకైక కవచముగ పూయక, ఎపాక్సీ పూతలో కొద్దిపాటిగా కలిపి వాడుచున్నారు.