పాత ట్రాక్టరు స్టార్టు కాకపోతే తప్పు డ్రైవరుదేనా?

దాళ్వా దమ్ముల రోజులు. తెల్లవారుజామున అయిదింటికల్లా డ్రైవరు చేలో ఉండాలి. సెల్ఫ్ కొడితే పాత ట్రాక్టరు టిక్కుమని ఊరుకుంటుంది. గట్టుమీద ఆసామి నిలబడి ఉంటాడు.

"ఏరా, ఇంకా కదల్లేదేం?"

"బ్యాటరీ దిగిపోయిందని మొన్ననే చెప్పానండీ బాబుగారూ."

"నీకు చేతగాక బ్యాటరీ మీద పెడతావేం?"

డెల్టా పల్లెల్లో చలికాలం వస్తే ఇలాంటి మాటలు కొత్తకాదు. బండి పొద్దెక్కి కదిలితే కోత పడేది డ్రైవరు కూలికి. నాట్లకొచ్చిన ఆడకూలీలూ అప్పటిదాకా గట్టునే కూర్చోవాలి. అందుకే ఆ యంత్రం గుట్టు ఆసామి కంటే కూలీకే బాగా తెలియాలి.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని ఇంచుమించు 16, 17వ వంతుకు నొక్కుతుంది. అలా కాగిన గాలిలోకి నాజిల్ చిమ్మిన డీజిలు దానంతటదే అంటుకుంటుంది. ఇంజను గబగబా తిరిగితేనే అంత వేడి పుడుతుంది. బ్యాటరీ నీరసించినా, రింగులు అరిగి గాలి కిందికి జారిపోయినా, చలికి ఇనుము బిగుసుకుపోయినా వేడి చాలదు. ఇందులో డ్రైవరు చేతగానితనం ఎక్కడుంది?

సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైటు వేసి చూడండి. లైటు మసకబారితే బ్యాటరీ దిగిందన్నా అనుకోవాలి, టెర్మినళ్ళకు చిలుము పట్టిందన్నా అనుకోవాలి. వేడినీళ్ళతో కడిగి, గీకి, బిగించి, పైన గ్రీజు రాయండి. ఎర్తు తీగ కూడా చూడండి. ఇంజను చురుగ్గా తిరుగుతూనే అందుకోకపోతే సైలెన్సరు వైపు చూడాలి. తెల్లపొగ వస్తే డీజిలు లోపలికి పోతోంది గాని అంటుకోవడం లేదు. పొగే లేదంటే డీజిలే అందడం లేదు. ముందు ఇంజను ఆపే నాబు లోపలికి నెట్టారో లేదో చూసుకోండి. (నవ్వకండి, ముదురు డ్రైవర్లూ మరిచిపోతారు.)

ట్యాంకు ఒకసారి ఒట్టిపోయిందంటే లైనులో ఎయిర్ పట్టినట్టే. ఫిల్టరు మీది స్క్రూ పానాతో వదులు చేసి చేతిపంపు కొట్టాలి. బుడగలు పోయి డీజిలు తేటగా కారేదాకా కొట్టి బిగించాలి. తర్వాత పెద్ద పంపు దగ్గర, అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ళ దగ్గర ఎయిర్ తియ్యాలి. డ్రమ్ములో నిలవబెట్టిన డీజిలుకు అడుగున నీళ్ళు చేరతాయి. అడుగుమడ్డిదాకా పోయించే ఆసామి పదిరూపాయలు మిగుల్చుకుని పంపు పాడుచేసుకుంటాడు.

పింజోరులో ప్రభుత్వరంగంలోని హెచ్ఎంటీ 1971లో ట్రాక్టర్లు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 2016లో ఆ విభాగాన్ని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. పాత బళ్ళకు కంపెనీ అండ పోయింది. ఇక వాటిని లాక్కురావలసింది ఊరి మేస్త్రీ, డ్రైవరూ.

అన్నిటికంటే ప్రమాదమైన పని ఒకటుంది. తాళం పనిచెయ్యకపోతే కిందకు దిగి, పెద్దచక్రం ముందు నిలబడి, సెల్ఫ్ మోటారు బోల్టులకు స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి స్టార్టు చేస్తారు. బండి గేరులో ఉంటే ఇంజను అందుకున్న మరుక్షణం ముందుకు దూకుతుంది. క్లచ్చి తొక్కితేనే సెల్ఫ్ తిరిగేట్టు పెట్టిన రక్షణ స్విచ్చి ఉన్నా, ఈ పద్ధతిలో అది అక్కరకురాదు. చక్రం మనిషి మీదినుంచి పోతుంది. ఆసామి ఎంత కేకలేసినా ఈ పని చెయ్యకండి. సీటులో కూర్చుని, న్యూట్రల్ చూసుకుని, తాళంతోనే స్టార్టు చెయ్యండి. తాళం బాగుచేయించడం, బ్యాటరీ కొనడం యజమాని ఖర్చు. కూలీలచేత బండి తోయించడమూ అంతే, బురదగట్టున కాలు జారితే ఎవడు జవాబుదారీ?

పొలంలో ట్రాక్టరు పనిచేసే కూలీని 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం షెడ్యూల్లో చేర్చారు. ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిపారు. ప్రమాదం జరిగితే "వాడు నా పనిమనిషి కాదు" అనే ఆసాములుంటారు. కనుక ఎవరు పిలిస్తే వచ్చాడో, ఎవరి చేలో, ఎంత కూలికి పని చేస్తున్నాడో చూసినవాళ్ళచేత ఆ రోజే కాగితం మీద రాయించి, సంఘం కార్యకర్త దగ్గర ఒక ప్రతి ఉంచాలి.