ఆండలూసియా అశ్వము

స్పెయిను దేశపు దక్షిణభాగమున ఆండలూసియా యను ప్రాంతము కలదు. గ్వాదల్కివీర్ నది ఆ ప్రాంతము గుండ ప్రవహించి అట్లాంటిక్ సముద్రమున కలియుచున్నది. ఆ నదీతీరపు పచ్చికబయళ్లలో పెరిగిన గుఱ్ఱములకు ప్రపంచమున గొప్ప పేరు. ఇతర దేశములవారు వానిని ఆండలూసియా గుఱ్ఱములని పిలుతురు. స్పెయినువారు మాత్రము 'శుద్ధ స్పానిష్ జాతి' యని వ్యవహరింతురు.

ఆ దేశపు గుఱ్ఱముల కీర్తి మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ. శ. 1వ శతాబ్దమున ప్లినీ యను రోమను పండితుడు వానిని గూర్చి యొక వింత వ్రాసెను. ఐబీరియా ద్వీపకల్పపు పడమటితీరమున ఆడుగుఱ్ఱములు గాలికి ఎదురుగా నిలిచి, ఆ గాలివలననే గర్భము ధరించుననియు, వానికి పుట్టిన పిల్లలు అమితవేగము గలవి యైనను మూడేండ్లకు మించి బ్రదుకవనియు ఆయన చెప్పెను. గాలికి పుట్టిన గుఱ్ఱములను నేడెవ్వరును నమ్మరు. కాని అట్టి కథ పుట్టుటకు ఆ గుఱ్ఱముల వేగమే కారణమై యుండును.

క్రీ. శ. 711లో ఉత్తరాఫ్రికా నుండి మూరుల సేనలు జలసంధిని దాటి స్పెయినులో ప్రవేశించినవి. వారితో వారి గుఱ్ఱములును వచ్చినవి. స్థానికపు గుఱ్ఱములతో అవి ఎంతవఱకు కలిసినవో పండితులలో వాదము కలదు. అయితే వారి స్వారీవిధానము మాత్రము ఆ దేశమున స్థిరముగా నాటుకొన్నది. ఆ కాలపు ఐరోపా వీరులు బరువైన కవచములు తొడిగి, పొడవైన రికాబులలో కాళ్లు చాచి, శత్రువుపైకి సూటిగా దూకుచుండిరి. ఆఫ్రికా రౌతులు అట్లు గాక, రికాబులను పొట్టిగా బిగించి, మోకాళ్లు వంచి కూర్చుండి, మెఱుపువలె వచ్చి యీటె విసరి, ఇట్టె మరలిపోవుచుండిరి. జెనాతా యను తెగవారు ఈ విద్యలో ఆఱితేరినవారు. స్పానిష్ భాషలో రౌతునకు గల 'హినేతె' యను పేరు ఆ తెగపేరు నుండి వచ్చినదే.

ఇట్టి యుద్ధమునకు సూటిగా పరుగెత్తు గుఱ్ఱము చాలదు. దౌడులో నున్నది ఒక్క సైగకు నిలువవలెను; నిలిచినచోటనే తిరుగవలెను; మరుక్షణమున దూకవలెను. ఇది యెట్లు సాధ్యము? గుఱ్ఱమునకు తలయు మెడయు ముందునకు చాగి యుండుటచేత, శరీరపు బరువులో ఎక్కువ పాలు ముందుకాళ్లపై పడును. రౌతు ఎక్కినచో ఆ భారము ఇంకను పెరుగును. అట్లున్నంతసేపు గుఱ్ఱము చురుకుగా తిరుగజాలదు. ఆండలూసియా గుఱ్ఱము తన వెనుకకాళ్లను వంచి పొట్టక్రిందికి తెచ్చుకొని, భారమును వానిపైకి మార్చుకొనును. అప్పుడు ముందుభాగము తేలికపడి పైకి లేచును. చెడుగుడు ఆటలో కూతకు పోయిన బాలుడు మోకాళ్లు వంచి, ఎటు దూకుటకైనను సిద్ధముగా నిలుచుట అందఱు ఎఱిగినదే. ఈ గుఱ్ఱపు నిలుకడయు అట్టిదే. శిక్షణ ఆ నేర్పును పెంచును గాని, అందులకు తగిన పొట్టివీపు, బలిష్ఠమైన పిఱుదులు, చక్కగా వంగు కీళ్లు పుట్టుకతోనే రావలెను.

చూపఱులు మొదట గమనించునది ఇది కాదు. ఒత్తుగా వ్రేలాడు జూలు, విల్లువలె వంగిన మెడ, నేలను తాకునట్టి తోక వారి కన్నులను ఆకర్షించును. మూపుకడ ఈ గుఱ్ఱపు ఎత్తు ఇంచుమించు 155 నుండి 160 సెంటిమీటరులు. పదింట ఎనిమిది తెల్లనివో బూడిదరంగువో యగును. ఆశ్చర్యమేమనగా, వీనిలో ఏ పిల్లయు తెల్లగా పుట్టదు. నల్లగానో ముదురు గోధుమరంగుగానో పుట్టి, ఏటేట వెండ్రుకలు నెరసి, కొన్ని యేండ్లకు తెల్లనగును. వెండ్రుకల క్రింది చర్మము మాత్రము కడవఱకు నల్లగనే యుండును.

స్వభావమున ఇది సాధువు, కాని మందమైనది కాదు. ఆండలూసియా పశుపాలకులు పొడవైన కఱ్ఱ చేతబట్టి, కోడెల మందలలో ఈ గుఱ్ఱములపై తిరుగుదురు. ఒకచేత కఱ్ఱ యుండగా పగ్గములకు మిగులునది ఒక్కచేయి. కోడె కొమ్ము విసరినప్పుడు గుఱ్ఱము బెదరినను ముప్పే, ఆలసించినను ముప్పే.

1567లో రెండవ ఫిలిప్పు రాజు కోర్డోవా నగరమున గొప్ప లాయములు కట్టించి, ఏఱి తెచ్చిన గుఱ్ఱములతో ఈ జాతిని వృద్ధిచేయ సంకల్పించెను. 1580లో ఆస్ట్రియా రాజవంశమువారు ఇట్టి గుఱ్ఱములను కొనిపోయి లిపిజ్జాలో పెంచిరి. వియన్నా నగరపు అశ్వవిద్యాలయమునకు నేటికిని 'స్పానిష్' అను పేరు నిలుచుటకు ఇదియే కారణము. అంతకు ముందే, 1493లో, కొలంబసు తన రెండవ యాత్రలో గుఱ్ఱములను అమెరికా ఖండపు దీవులకు కొనిపోయెను. రౌతులు సెవిల్లెలో మేలిగుఱ్ఱములను చూపించి, ఓడ యెక్కునప్పుడు వానిని అమ్ముకొని, చౌకవానిని తెచ్చిరని ఆయన రాజదంపతులకు మొఱపెట్టుకొనెను. 1519లో కోర్టెజు మెక్సికోపై దండెత్తినప్పుడు ఆయనవెంట 16 గుఱ్ఱములు మాత్రమే యుండెను. వేలయేండ్ల క్రిందటనే గుఱ్ఱములు నశించిన ఆ ఖండమున, ఇట్లు వచ్చిన స్పెయిను గుఱ్ఱముల సంతతి మందలు మందలుగా వ్యాపించినది.

ఇంత కీర్తి గడించిన జాతి తన పుట్టినింటనే నశించు స్థితికి వచ్చినది. 18వ శతాబ్దమున ఐరోపావారి అభిరుచి మాఱెను. పొడవైన అంగలతో పరుగెత్తు ఇంగ్లండు గుఱ్ఱములకు గిరాకి పెరిగెను. బండ్లు లాగుటకు బరువైన గుఱ్ఱములు కావలసి వచ్చెను. స్పెయినులోనే అనేకులు తమ గుఱ్ఱములను విదేశపు పెద్దజాతులతో కలిపిరి. హెరేజ్ పట్టణము చెంత మఠమున నివసించు కార్తూసియను సన్యాసులు మాత్రము అందులకు సమ్మతింపలేదని చెప్పుదురు. మౌనవ్రతులైన ఆ సన్యాసులు 15వ శతాబ్దపు చివరి నుండి గుఱ్ఱములను పెంచుచుండిరి. ఫ్యాషను మాఱినదని వారు తమ మందను మార్పరైరి.

1808లో నెపోలియను సేనలు స్పెయినును ఆక్రమించి మంచి గుఱ్ఱములను అపహరించినవి. ఆ కల్లోలమున జపాతా యను కుటుంబమువారు మఠపు గుఱ్ఱములలో కొన్నిటిని కొని దాచి కాపాడిరి. 1835లో ప్రభుత్వము మఠములను రద్దుచేసినను, ఆ కొలదిపాటి మంద నిలిచినది. రాజులు కట్టించిన లాయములకంటె ఆ దాచిన గుఱ్ఱములే జాతికి ఎక్కువ మేలు చేసినవనవచ్చును.

1912లో ఈ జాతికి వంశావళి పట్టిక యేర్పడెను. పట్టికవలన మేలు కలిగినది గాని, మనుష్యుల పట్టుదలలును అందు చేరినవి. ఎఱ్ఱని గుఱ్ఱములకు అందు చోటు లేకుండెను. తల్లిదండ్రులు ఏ రంగువైనను, దాగియున్న గుణమువలన నడుమ నడుమ ఎఱ్ఱపిల్ల పుట్టుచునే యుండెను. 21వ శతాబ్దపు ఆరంభమున గాని ఆ నిషేధము తొలగలేదు.

1973లో హెరేజ్‌లో నెలకొల్పబడిన అశ్వకళాశాలలో ఈ గుఱ్ఱములు సంగీతమునకు అనుగుణముగా కదను త్రొక్కును. అందొక ఘట్టమున జీనుపై రౌతుండడు. శిక్షకుడు పొడవైన పగ్గములు పట్టి గుఱ్ఱమువెనుక కాలినడకన పోవును. గుఱ్ఱము వెనుకకాళ్లు వంచి, ముందుకాళ్లు తేల్చి, ఉన్నచోటు నుండి కదలకయే తాళబద్ధముగా అడుగులు వేయును. ఒకనాడు యీటె దెబ్బను తప్పించుకొనుటకు నేర్చిన వంపే అది.