పీఈటీ పోస్టు వాట్సాప్‌లో రాదు

తెల్లారకుండానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రోడ్ల మీద ఆర్మీలో చేరాలనుకునే కుర్రాళ్లు పరుగులు తీస్తుంటారు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరితోటల మధ్య తారురోడ్డే వాళ్ల గ్రౌండు. అగ్నివీర్‌కి వయసు దాటిపోయినవాడూ, కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో పోయినవాడూ ఆ తర్వాత పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడి) పోస్టు గురించి, స్పోర్ట్స్ సైన్స్ గురించి వాకబు చేస్తాడు. సరిగ్గా అక్కడే కాచుకుని ఉంది ఒక పుకారు. మూణ్నెల్ల ఆన్‌లైన్ ‘స్పోర్ట్స్ సైన్స్’ సర్టిఫికెట్ చేతిలో ఉంటే చాలట, పరీక్ష లేకుండానే పీఈటీ ఉద్యోగమట! ఫీజు ఫోన్‌పేలో కొట్టేస్తే పీడీఎఫ్ ఫోన్‌కే వస్తుందట. జీడిపిక్కలమ్మిన డబ్బు ఇలా పీడీఎఫ్‌లుగా మారిపోతోంది.

ఈ పుకారు గాల్లోంచి ఊడిపడలేదు. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అప్పటికే రాష్ట్రం కొత్త క్రీడా విధానంలో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఆ డీఎస్సీలో 421 పోస్టులను ఆ కోటా కింద రాతపరీక్ష లేకుండా, ఆటలో సాధించిన స్థాయిని బట్టి భర్తీ చేయడానికి పూనుకున్నారు. అంతవరకూ నిజమే. అక్కడ అడిగిన సర్టిఫికెట్లు జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో ఆడి తెచ్చుకున్నవి. వాటిని రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ పరిశీలించాలి. పైగా పోస్టుకు కావలసిన చదువు ఎలాగూ ఉండాల్సిందే. వాట్సాప్‌కి చేరేసరికి ‘ఆడి తెచ్చుకున్న’ అన్న ముక్క రాలిపోయి, ‘పరీక్ష లేదు’ అన్న ముక్క మాత్రం మిగిలింది.

ఇక చదువు సంగతి. ఇంటర్ తర్వాత డీపీఎడ్, డిగ్రీ తర్వాత బీపీఎడ్. రెండూ రెండేళ్లవే, రెండిటికీ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపున్న కాలేజీ ఉండాలి. బీఎడ్‌ని దూరవిద్యలో చేసే వీలుంది గానీ బీపీఎడ్‌కి ఆ వీలు లేదు. గ్రౌండులో నేర్పాల్సినదాన్ని జూమ్‌లో ఎలా నేర్పుతారు? చేరడానికి నెగ్గాల్సిన ఏపీ పీఈసెట్‌లోనూ పెన్ను పని లేదు, ఉన్నదంతా ఒంటి పనే: పరుగు, దూకడం, గుండు విసరడం, ఆపైన ఆటలో నైపుణ్యం చూస్తారు. ఇవన్నీ దాటినా ఆ మెగా డీఎస్సీలో పీఈటీ పోస్టులు 132. స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టులు వేరే, వాటికి బీపీఎడ్ కావాలి. ‘ప్రతి స్కూల్లో ఖాళీలే’ అని వాయిస్ మెసేజ్ పెట్టే మహానుభావులు ఈ లెక్క ఎన్నడూ చెప్పరు.

‘పోనీ, స్పోర్ట్స్ న్యూట్రిషన్ దూరవిద్యలో చేసేస్తాం’ అనేవాళ్లూ ఉన్నారు. పోషకాహారం, సైకాలజీ లాంటి ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపవద్దని యూజీసీ 2025లో ఆదేశించింది. ఆ దారీ మూసుకుంది.

జీపీఎస్ వాచీ కట్టుకుంటే కోచ్ అక్కర్లేదన్నది మరో భ్రమ. అగ్నివీర్‌లో 1,600 మీటర్లను అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే పరుగుకు పూర్తిగా 60 మార్కులు. ఆ వేగంలో సెకనుకు దాదాపు అయిదు మీటర్లు. కొబ్బరి ఆకుల కింద జీపీఎస్ సిగ్నల్ చెదురుతుంది. పరుగు అయ్యాక ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే, తిన్నగా పరిగెత్తిన దారి కూడా పాము మెలికల్లా కనిపిస్తుంది. దూరం ఒక్క శాతం తప్పు చూపిస్తే 16 మీటర్లు, అంటే మూడు సెకన్ల పైమాట. వాచీలో ‘5:28’ చూసి మురిసిపోయినవాడు ర్యాలీ ట్రాక్ మీద 5:31తో తక్కువ మార్కుల గ్రూపులో పడతాడు. టేపుతో కొలిచి సున్నంతో గీసిన 400 మీటర్ల చుట్టూ, ఒక స్టాప్‌వాచీ ఉంటే చాలు. స్పోర్ట్స్ సైన్స్ చదివే కుర్రాడు మొదట పట్టుకోవాల్సింది పరికరం ఎక్కడ తప్పు చెబుతుందో. ఆ తర్వాత ఫోన్ స్లో మోషన్‌లో అడుగు ఎక్కడ పడుతోందో చూడటం, వారం వారం ఎక్సెల్‌లో రాసుకోవడం.

‘కరణం మల్లీశ్వరి ఏ సైన్స్ చదివి పతకం తెచ్చింది?’ అని దెప్పేవాళ్లకి ఒక మాట. ఆ వెయిట్‌లిఫ్టర్ మన జిల్లా ఊసవానిపేట బిడ్డే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె ఎత్తింది మొత్తం 240 కిలోలు, బంగారం 242.5 దగ్గర తేలింది. ఆఖరి ప్రయత్నంలో బార్ మీద 137.5 పెట్టారు, అది లేవలేదు. ఆ క్షణంలో బార్ మీద ఎంత పెట్టాలన్నది లెక్క. ఆమెకు శిక్షణ ఇచ్చిన లియోనిద్ తరనెంకో స్వయంగా ఒలింపిక్ విజేత. సైన్స్ లేకుండా వచ్చిన పతకం కాదది.

భ్రమలు ఇంకో రెండున్నాయి. పరుగుకు ముందు నొప్పి మాత్ర మింగితే టైమింగ్ తగ్గుతుందనుకోవడం ఎక్కడైనా మూర్ఖత్వమే, కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానంలో అయితే ఆత్మహత్యా సదృశం. చెమట ఎంత కారితే కొవ్వు అంత కరుగుతుందన్నది ఒట్టిమాట, కారేది నీళ్లే.

ఒక్క మాట మాత్రం, నచ్చకపోయినా, ఒప్పుకోవాలి. ‘ఇక్కడ స్పోర్ట్స్ సైన్స్‌కి ఉద్యోగాల్లేవు’ అంటారు, అది చాలావరకు నిజం. పలాస, టెక్కలిలో మహా అయితే ఓ జిమ్ము, ఓ ప్రైవేటు స్కూలు. పని ఉన్నది భువనేశ్వర్‌లో, విశాఖలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి భువనేశ్వర్‌లోని రిలయన్స్ ఫౌండేషన్ అథ్లెటిక్స్ కేంద్రంలో జేమ్స్ హిలియర్ దగ్గర శిక్షణ పొంది, 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపు పూర్తిచేసిన తొలి భారతీయురాలైంది. అలాంటి కేంద్రాల్లో కోచ్‌తోపాటు ఫిజియో, కండిషనింగ్ కోచ్, గణాంకాలు చూసేవాళ్లూ ఉంటారు. పలాసలో రైలెక్కితే భువనేశ్వర్ కొన్ని గంటల దూరం. పాటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా, ఇంఫాల్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం కోర్సులు ఆ దిశగా పనికొచ్చే దారులు.

డీపీఎడ్, బీపీఎడ్‌లకు డబ్బు కట్టేముందు కాలేజీ పేరు ఎన్‌సీటీఈ వెబ్‌సైటులో వెతకండి. అందులో లేకపోతే అక్కడితో ఆగిపోండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.